ఒకటో సిలిండర్

ఇంజన్ కట్టడం ఒక ఎత్తు, కట్టిన ఇంజన్ చేత బుద్ధిగా పనిచేయించడం ఇంకో ఎత్తు. ఆ తేడా తెలిసినవాళ్లు ఆ వీధి మొత్తానికి ఇద్దరే. ఒకాయన మాట పడిపోయి కుర్చీలో కూర్చున్నాడు. రెండో మనిషి ఆయన భార్య. ఆవిడ వృత్తి పళ్ల సెట్లు చేయడం.

అవును, పళ్ల సెట్లే. బజారు చివర పళ్ల డాక్టరు దగ్గర, వెనక గదిలో కూర్చుని, మైనం కరిగించి, అచ్చులు పోసి, ఊడిన పళ్లకు బదులు పళ్లు తయారుచేస్తుంది. వీధిలో అందరూ ‘పళ్లావిడ’ అంటారు. ఆవిడేమీ అనుకోదు. భర్త మాత్రం ‘డాక్టరూ’ అని పిలిచేవాడు, వెటకారానికే. కుళాయి కారినా, తలుపు గడియ పట్టేసినా, ‘డాక్టరూ, కేసొచ్చింది’ అని షెడ్డులోంచి కేకేసేవాడు. ఆ కేక ఆగిపోయి ఏడాది దాటింది. ఇంట్లో చీమ చిటుక్కుమన్నా ఆవిడకి ఇప్పటికీ ఆ కేకే అనిపిస్తుంది. సగం లేచి మళ్లీ కూర్చుంటుంది.

ఆయన బస్సు డిపోలో ఇంజన్ మెకానిక్. నడుస్తున్న ఇంజన్ పక్కన మాట్లాడీ మాట్లాడీ ఇంట్లోనూ అదే గొంతు, అదే ధాటి. రిటైరైన కొత్తలోనే ఒక పాత కారును తాడు కట్టి లాక్కొచ్చి ఇంటి వెనక రేకుల షెడ్డులో పెట్టాడు. దాన్ని చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది, పార్టులు దొరకవు. రెండు చచ్చిన కార్లలోంచి నాలుగు పిస్టన్లు ఏరి తెచ్చాడు. నాలుగూ చూడ్డానికి ఒకటే గానీ, కొలిస్తే వెంట్రుకవాసి తేడాలు. ఏ పిస్టన్‌కి తగ్గట్టు అది ఆడే సిలిండర్ రంధ్రాన్ని, అంటే బోరుని, సానపట్టించి, తారుమారు కాకుండా ప్రతి పిస్టన్ మీదా పంచ్ ములుకుతో చుక్కలు కొట్టాడు. ఒకటోదానికి ఒక చుక్క, నాలుగోదానికి నాలుగు. అన్నిటినీ నూనె గుడ్డల్లో చుట్టి అలమరలో పెట్టాడు. ఇక కట్టడమే తరువాయి అనుకుంటుండగా, ఒక ఉదయం టీ గ్లాసు కుడిచేతిలోంచి జారింది. దాన్ని తీద్దామని వంగినవాడు మళ్లీ తనంతట తాను లేవలేదు.

ప్రాణం దక్కింది. కుడి చెయ్యి దక్కలేదు, మాట దక్కలేదు. కర్ర పట్టుకుని నాలుగడుగులు వేస్తాడు, ఎడమచేత్తో తింటాడు. మాటల్లో ఒక్కటే మిగిలింది, ‘అదీ’. ఆకలేసినా అదీ, కోపమొచ్చినా అదీ, కిటికీ మీద పిట్ట వాలినా అదీ. మాట నేర్పడానికి వారం వారం వచ్చే థెరపీ అమ్మాయి ఓపికగా బొమ్మలు చూపించేది. కప్పు ఏదంటే ఒకసారి కప్పు చూపించేవాడు, ఇంకోసారి విసుగ్గా ముఖం తిప్పుకునేవాడు. ఆ అమ్మాయి మంచిపిల్ల, ఉన్నమాటే చెప్పింది. మెదడులో దెబ్బ తగిలింది మాటలుండే చోట, లోపల ఎంత అర్థమవుతోందో ఇప్పుడే తేల్చలేం, అంకెలైతే మరీ కలగాపులగం అవుతుంటాయి, తప్పు దిద్దితే మనసు కష్టపెట్టుకుంటారు, ఔనంటూ పోండి అంది.

లోపల ఎంత అర్థమవుతోందో తేల్చలేం. పళ్లావిడ చెవుల్లో ఆ ఒక్క మాటే గింగురుమనేది. ఆయన లోపల ఉన్నాడా, లేడా? ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషి ఎదురుగా కూర్చుని ఉండగానే ఆయన మీద బెంగ పెట్టుకోవడమంటే ఎలా ఉంటుందో ఎవరికి చెప్పుకుంటుంది? పిల్లల్లేరు. ఊళ్లోవాళ్లు వచ్చి పలకరించి, అరటిపళ్లు పెట్టి, గడియారం చూసుకుని పోతారు. అందుకని అక్కకి చెప్పుకునేది, ఫోన్లో, ఆయన పక్కనే కూర్చుని.

“మనిషి ఉన్నాడే అక్కా, ఆయన లేడు,” అంది ఒకసారి. “రోజూ ఎవరికో బట్టలు తొడుగుతున్నట్టుంది. ఒక్కోసారి ఆ రోజే పోయుంటే నయమేమో అనిపిస్తుంది.”

ఆయన కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు. గొంతు తగ్గించాలని ఆవిడకి తోచలేదు. కుర్చీ ముందు, బల్ల ముందు ఎవరు గొంతు తగ్గిస్తారు?

ఇలాంటి రోజుల్లోనే ఆవిడకి ఇంజన్ కట్టాలన్న పిచ్చి పట్టింది. పిచ్చే, ఇంకో పేరు పెట్టి లాభం లేదు. ఇంజన్ గొంతు వింటే ఆయన గొంతు కూడా లేస్తుందేమోనని ఒక ఆశ. గొంతు లేవకపోయినా కనీసం కళ్లల్లో ఏదో ఒకటి కదులుతుంది, ఉన్నాడో లేడో తేలిపోతుంది. పనేమీ రాని మనిషి కూడా కాదు. సాయంత్రాలు షెడ్డులో బోర్లించిన డబ్బా మీద కూర్చుని, ఆయన వాగుడు వింటూ, ఏ స్పానర్ ఎప్పుడు అందించాలో తెలిసేంతగా ముదిరింది. కొలవడం, అరగదీయడం ఆవిడ రోజూ చేసే పనే. ఆ కారు రకానికి అచ్చేసిన రిపేరు పుస్తకం ఒకటి పాత సామాను కొట్టులో దొరికింది. బరువులెత్తడానికి పక్క వీధి లేత్ మేస్త్రి వచ్చాడు. ‘మీకెందుకమ్మా ఈ గొడవ’ అంటూనే వచ్చాడు, ఆ మాట అంటూనే అన్నీ మోశాడు.

ఆయన కుర్చీని షెడ్డులోకి జరిపించి, ఇంజన్‌కి ఎదురుగా వేసింది. పుస్తకం తెరిచి పెట్టుకుంది. ఫ్యాన్ పక్కనున్నది ఒకటో సిలిండర్ అని అందులో బొమ్మతో సహా ఉంది. ఒక చుక్క ఉన్న పిస్టన్ గుడ్డలోంచి తీసి, నూనె రాసి, ఫ్యాన్ వైపు బోరు దగ్గర పెట్టి, “ఒకటోదండీ,” అంది, పూర్వం ఆయన తనకి చెప్పినట్టే.

ఆయన ఎడమచెయ్యి లేచింది. “అదీ, అదీ,” అన్నాడు. నాలుగు వేళ్లు చూపించాడు.

ఆవిడ ఆ వేళ్లు లెక్కపెట్టింది. పిల్లలు కూడా ఒకటికి నాలుగు చూపించరు. థెరపీ అమ్మాయి మాట గుర్తొచ్చి, “ఔనండీ, నాలుగే, నాలుగే,” అని బుజ్జగించి పిస్టన్ లోపలికి దించింది. అది పెద్దగా బెట్టు చేయకుండా జారిపోయింది. రెండోదానికి మూడు వేళ్లు చూపించాడు. మూడోదానికి రెండు. నాలుగు చుక్కలదాన్ని గేర్‌బాక్సు వైపు చివరి బోరులోకి దించబోతే కర్ర ఎత్తి నేలకేసి కొట్టాడు. ఆవిడ “అలాగేనండీ” అంది. ఆ పిస్టన్ మొండికేసింది. సానపట్టిన బోరు కదా, బిగువుగానే ఉంటుందనుకుని చెక్కపిడితో కొట్టి దింపింది. తిరిగి చూస్తే ఆయన ముఖం గోడ వైపు తిప్పుకుని ఉన్నాడు.

ఆ రోజు అక్కతో చెప్పింది, అంకెలు కూడా పోయాయే అని.

ఇంజన్ కారులోకి ఎక్కింది. రేడియేటర్ నింపారు, నూనె పోశారు, బ్యాటరీ తగిలించారు. తాళం తిప్పితే ఒకటికి రెండుసార్లు ఉక్కిరిబిక్కిరై, మూడోసారి అంటుకుంది. లేత్ మేస్త్రి చప్పట్లు కొట్టాడు. పళ్లావిడ ఇంజన్ వైపు చూడలేదు, భర్త ముఖం వైపు చూసింది. ఆయన తల వంచుకుని వింటున్నాడు. అంతే. లేచి కేకేయలేదు, నవ్వలేదు. ఇంతలో ఇంజన్ లోపల టకటకమని ఒక చప్పుడు మొదలైంది, వెనక గొట్టంలోంచి నీలం పొగ షెడ్డు నిండా కమ్ముకుంది. కాసేపటికి వేడెక్కి, చప్పుడు తగ్గి, బాగుపడుతోంది అనుకునేలోపే ఎవరో గొంతు పట్టుకున్నట్టు ఆగిపోయింది. మళ్లీ తాళం తిప్పితే కదల్లేదు. చల్లారాక బుద్ధిగా అంటుకుంది, మళ్లీ టకటక, మళ్లీ పొగ, మళ్లీ ఆగడం.

అక్కణ్ణించి మొదలైంది అసలు యాగీ. చప్పుడుకి కారణం ట్యాపెట్లని మేస్త్రి అన్నాడు. ట్యాపెట్ల సందులు ఫీలర్ గేజి రేకులు దూర్చి చూసి సరిచేశారు. చప్పుడు అలాగే ఉంది. స్పార్కు ముందుగా పడుతోందని టైమింగు వెనక్కి జరిపారు. బండి మూలిగింది, చప్పుడు మాత్రం పోలేదు. వేడికి కారణం రేడియేటర్‌లో చిక్కుకున్న గాలి అన్నారు, గాలి తీశారు. కార్బురేటర్ విప్పి కడిగారు, కడిగి బిగించారు, బిగించాక ఇంకోసారి కడిగారు. దారిన పోయే ప్రతివాడూ షెడ్డులోకి తొంగిచూసి ఒక సలహా పారేసి పోయేవాడు. ఒకాయన పెట్రోలు మంచిది కాదన్నాడు. ఇంకొకాయన అసలు కారే మంచిది కాదన్నాడు. పళ్లావిడ తల ప్రాణం తోకకొచ్చింది.

చివరికి ఇంజన్ నడుస్తుండగానే ఒక్కో ప్లగ్గు వైరూ పీకి చూసింది. ఆయన చేసేవాడు అలా. ఫ్యాన్ పక్కన వైరు పీకగానే టకటక తగ్గింది. “ఒకటోదాంట్లోనే ఉంది జబ్బు,” అంది పైకే. కుర్చీలోంచి “అదీ” వినిపించింది. నాలుగు వేళ్లు.

ఈసారి ఆవిడ ఔనని కూడా అనలేదు. వైరు చేతిలో పట్టుకుని ఏడ్చింది. ఇంజన్ కోసం కాదు. పక్కన ఆయన ఉంటే ఇది ఒక్క నిమిషం పని. చెవి ఆనించి విని, ఒక బూతు మాట అని, నవ్వి, చెయ్యి పెట్టి సరిచేసేవాడు. ఆ బూతు మాట కోసం కూడా మొహం వాచిపోయింది ఆవిడకి. పక్కనే ఉన్నాడు, ఉండి నాలుగు వేళ్లు చూపిస్తున్నాడు.

మర్నాడు పనిలో ఉండగా ముందు గదిలోంచి డాక్టరు వచ్చాడు. ఇద్దరు ముసలివాళ్లు ఒకేసారి వచ్చి కూర్చున్నారట, ఇద్దరికీ మొన్ననే కొత్త సెట్లు ఇచ్చారు. ఒకాయనకి మాట్లాడితే పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. ఇంకొకాయనకి ఒత్తుకుపోయి నోరు తెరుచుకోవడం లేదు. మళ్లీ కొలతలు తీద్దామా అని డాక్టరు అడిగాడు. పళ్లావిడ పనిలోంచి తల కూడా ఎత్తకుండా, కొలతలెందుకండీ, ఒకరిది ఒకరికి ఇచ్చేశారు, మార్చి పెట్టండి చాలు అంది. ఒకడికి వదులు, ఒకడికి బిగువు అంటే అంతకన్నా ఇంకేముంటుంది? పళ్ల సెట్లు చేసేవాళ్లకి ఇది పాత జబ్బే.

డాక్టరు వెళ్లిపోయాడు. ఆవిడ చేతిలో మైనం కత్తి అలాగే ఆగిపోయింది. ఒకదాంట్లో టకటక. ఇంకొకటి ఎక్కడో వేడెక్కి పట్టేస్తోంది. ఒకడికి వదులు, ఒకడికి బిగువు.

ఆ మధ్యాహ్నం సెలవు పెట్టి ఇంటికొచ్చింది. మేస్త్రిని పిలిచి ఇంజన్ దింపించి, పైన హెడ్డు మూత తీసి, నాలుగు పిస్టన్లూ బయటికి లాగి బల్ల మీద వరసగా పెట్టింది. ఒక చుక్కదాన్ని ఫ్యాన్ వైపు బోరులో పెట్టి పక్కన ఫీలర్ దూరిస్తే ఉండాల్సిన దానికన్నా మందమైన రేకు దూరింది. దాన్ని తీసి, నాలుగు చుక్కలది అదే బోరులో పెట్టింది. అది నెమ్మదిగా, ఎక్కడా ఆగకుండా, ఆ బోరులోనే పుట్టి పెరిగినట్టు దిగింది. ఒక చుక్కది గేర్‌బాక్సు వైపు బోరులో పెడితే అదీ అంతే. మధ్యలోవి రెండూ మార్చి చూసింది. అవీ అంతే.

మేస్త్రి తల గోక్కుని, ఈయనంతటివాడు చుక్కలు తప్పు కొట్టడం ఏమిటమ్మా అన్నాడు. పళ్లావిడ వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది. ఒకటికి నాలుగు. రెండుకి మూడు. మూడుకి రెండు. గుడ్డతో చేతులు తుడుచుకుని, కుర్చీ ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

“ఏమండీ,” అంది. “ఒకటోది ఎటు వైపుదండీ?”

ఆయన కర్ర అందుకుని లేచాడు. పట్టుకోబోతే వద్దని తల ఆడించాడు. ఒక్కో అడుగూ వేసుకుంటూ ఇంజన్ చుట్టూ తిరిగి, గేర్‌బాక్సు తగిలించే చివరకి వెళ్లి, ఆ చివరి బోరు మీద ఎడమచేతి చూపుడువేలు పెట్టాడు. ఒక్క వేలు.

డిపోలో ఎప్పుడో ఒక ఫోర్‌మన్ గేర్‌బాక్సు వైపు నుంచి లెక్కపెట్టడం నేర్పాడట. ఆ ఫోర్‌మన్ పోయినా ఆ లెక్క పోలేదు, అక్కడ పనిచేసినవాళ్లంతా అలాగే లెక్కపెడతారట. ఇది ఆవిడకి తర్వాత, భర్త పాత జోడీ ఒకాయన చెబితే తెలిసింది. పుస్తకానికి తెలియదు, లేత్ మేస్త్రికి తెలియదు. ఆ షెడ్డులో తెలిసినవాడు ఒక్కడే. ఆయన మొదటి పిస్టన్ దగ్గర్నుంచీ చెబుతూనే ఉన్నాడు. ఈవిడ ఔనౌనంటూ బుజ్జగిస్తూ పోయింది.

మేస్త్రి బుద్ధిమంతుడు, ఏదో పని గుర్తొచ్చినట్టు వెళ్లిపోయాడు. పళ్లావిడ అక్కడే నేల మీద కూలబడింది. సంతోషమే, కాదని ఎవరంటారు? ఉన్నాడు, పూర్తిగా ఉన్నాడు, వెంట్రుకవాసి కూడా తగ్గలేదు. కానీ ఆ సంతోషం వెనకే ఇంకోటి వచ్చింది. ఉన్నాడంటే, అన్ని రోజులూ ఉన్నాడు. ఫోను మాట్లాడినప్పుడల్లా ఉన్నాడు.

“అక్కతో నేనన్నవన్నీ విన్నారా?” అని అడిగింది.

ఆయన తల ఊపాడు. దాచలేదు. ఎప్పుడూ ఏదీ దాచడం చేతకాని మనిషి. తర్వాత కర్రతో బల్ల మీది పిస్టన్ల వైపు చూపించాడు, పని చూడమన్నట్టు.

ఈసారి ఇంజన్ ఇద్దరూ కట్టారు. ఆవిడ పట్టుకుంటే ఆయన చూపిస్తాడు, ఆవిడ తప్పు చేస్తే కర్ర నేలకేసి కొడతాడు. ఆవిడకి తిట్లు తిన్నంత హాయిగా ఉండేది. బోల్టుకీ బోల్టుకీ మధ్య అడిగేది. ఔను, కాదు అని చెప్పగలిగేలా మాట మలిచి అడగడం నేర్చుకుంది. ఏడాదిగా ఇస్తున్న చక్కెర లేని టీ ఇష్టమేనా? కాదు. మంచం ముందు గదిలోకి మార్చడం నచ్చిందా? కాదు. ఆ థెరపీ బొమ్మలు? ఆయన కళ్లు పైకెత్తిన తీరుకి ఆవిడ స్పానర్ కింద పెట్టి నవ్వింది. మర్నాడు ఆ అమ్మాయికి చెబితే, ఆవిడకన్నా ఆ పిల్లే ఎక్కువ మురిసిపోయి, కప్పుల, గడియారాల బొమ్మలు సంచిలో పెట్టేసి పిస్టన్లతో పాఠం మొదలుపెట్టింది.

అయినా ‘డాక్టరూ’ అన్న పిలుపు రాలేదు. రాదని కూడా ఆ అమ్మాయి నెమ్మదిగా చెప్పింది, ఆశ పెట్టుకోవద్దని. ఆయన ఉన్నాడని తెలిశాక ఆవిడ బెంగ తీరుతుందనుకుంటే పెరిగింది. లేడనుకున్నప్పుడు పోయినవాడి మీద బెంగ. ఇప్పుడు గోడకి అవతల గదిలో ఉన్నవాడి మీద బెంగ. గోడ మీద తడితే అవతల నుంచి తడతాడు, అంతకు మించి లేదు.

ఇంజన్ అంటుకున్న రోజున ఆయన్ని ముందు సీట్లో కూర్చోబెట్టి, తాను స్టీరింగు దగ్గర కూర్చుంది. కాసేపు పిస్టన్లకి వేసిన కొత్త రింగులు కుదురుకుంటూ పొగ వచ్చింది, తర్వాత అదీ పోయింది. టకటక లేదు. వేడెక్కింది, ఆగలేదు. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. ఎడమచెయ్యి డాష్‌బోర్డు మీద పెట్టి ఉంది, ఇంజన్ అదురు వేళ్లల్లోకి వస్తోంది. ఇన్నాళ్లుగా వెతికిన జబ్బు నయమైంది, ఇక వెతకాల్సింది ఏమీ లేదు. కారును బయటికి తీయడమే మిగిలింది. ఆవిడ గేరు వేయలేదు.

అడగాల్సిన ప్రశ్న ఒకటి మిగిలి ఉంది. టీ గురించి, మంచం గురించి అడిగినంత సులువుగా అది నోట్లోంచి రాలేదు. ఫోను సంగతి అడిగిన రోజే ఇదీ అడగాల్సింది. జవాబుకి భయపడి ఊరుకుంది.

“ఏమండీ,” అంది, రోడ్డు వైపే చూస్తూ. “ఈ ఏడాదంతా లోపల ఒక్కరే ఉన్నారా?”

ఆయన కళ్లు తెరిచాడు. ఆవిడ తన వైపు తిరిగేదాకా ఆగి, అప్పుడు తల ఊపాడు. ఔనని. ఒకసారి ఊపి ఆపలేదు, చాలాసేపు ఊపుతూనే ఉన్నాడు. ముఖం నిలకడగానే ఉంది గానీ నీళ్లు గడ్డం దాకా వచ్చేశాయి. అవి తుడవడానికి ఆవిడకి చెయ్యి రాలేదు.

“బయట నేనూ అంతేనండీ,” అంది.